లప్పంలో పడ్డ వేళ్ళు

ఏయ్, నిన్నే! వెనక్కి తిరిగి చూస్తావేం, వెనకాల గోడ తప్ప ఏముంది? మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు నీ వంటింట్లో కత్తి చూశాను. అదొక కత్తా? దాంతో వెన్న కొయ్యబోతే వెన్నే గెలుస్తుంది. టమాటా మీద పెడితే దానికి చక్కిలిగింత పుడుతుంది తప్ప తెగదు. పైగా నువ్వు దాని అంచు మీద వేలు పెట్టి, పెద్ద మొనగాడిలా, "పదును బాగానే ఉందే" అన్నావు చూడు, అప్పుడే అనుకున్నాను నీకు కత్తులాయన కథ చెప్పాల్సిందేనని. కాళ్ళు ఊపడం ఆపి కూర్చో. మధ్యలో "తర్వాతేమైంది" అని అడిగావంటే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను, నా సంగతి నీకు తెలుసు.

కత్తులాయన అంటే కత్తి దూసి మీదికొచ్చేవాడు అనుకునేవు. కత్తులు చేసేవాడు, అంతే. పిల్లి ఎదురొస్తే పక్కకి తప్పుకుని దారిచ్చే మనిషి. వీధి చివర రేకుల షెడ్డు అతనిది. లోపల ఒక కొలిమి, ఇనుము పెట్టి కొట్టడానికి ఒక దాగలి, గోడ నిండా వరసగా ఆకురాళ్ళు, నేలనిండా ఇనప రజను. ఆ షెడ్డులోకి తెల్లచెప్పులతో వెళ్ళినవాడు నల్లచెప్పులతో బయటికొస్తాడు. అక్కడ తయారయ్యే కత్తులు అంగట్లో వేలాడదీసేవి కావు. ఒకరు ఇంకొకరికి ప్రేమగా ఇచ్చుకునేవి. ఒక కత్తి, ఒకే ఒక్క చెయ్యి. ఇంకొకరు పట్టుకుంటే అది అలిగి కూర్చుంటుంది.

ఎలాగంటావా? మనవాడి పద్ధతే వేరు. కత్తి ఎవరికోసమో ఆ మనిషిని పిలిచి, చేతికి ఒక లప్పం ముద్ద ఇచ్చేవాడు. పైపులు కారితే పూస్తారే, అలాంటిదే, కాకపోతే నెమ్మదిగా గట్టిపడే రకం. "ఉల్లిపాయ కోస్తున్నట్టు పట్టుకో" అనేవాడు. అయిదు వేళ్ళూ అచ్చుపడతాయి. ఆ అచ్చు చూసి పిడి చెక్కేవాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. అచ్చు చూసి జాతకాలు కూడా చెప్పేవాడు. "నడిమి వేలు ఇంత లోతుగా దిగిందంటే నువ్వు కోపిష్టివి. చిటికెన వేలు గాల్లో ఉందంటే నీకు పని మీద శ్రద్ధ లేదు." పదిలో తొమ్మిది సరిపోయేవి మరి. దాంతో మనవాడికి నమ్మకం కుదిరిపోయింది. మనిషి అబద్ధమాడొచ్చు గానీ లప్పం అబద్ధమాడదని.

అలా చుట్టాలకీ స్నేహితులకీ అందరికీ తలో కత్తీ చేసిపెట్టాడు. బట్టలు కుట్టే పెళ్ళానికి దారాలు తెంచడానికి వేలెడంత కత్తి. పూలకొట్టు ఎడంచేతివాడికి ఎడమవైపు వంపు తిరిగిన కత్తి. పుస్తకాలు కుట్టే స్నేహితుడికి అట్టలు చెక్కే కత్తి. బావకి మాత్రం అట్టముక్కకి వెండికాగితం అంటించి, పట్టుగుడ్డలో చుట్టి, నలుగురిలో ఇచ్చాడు. "నువ్వు చేసే పనికి ఇంతకంటే పదును అక్కర్లేదు బావా" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. బావ కూడా నవ్వి, దాన్ని పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాడు.

బావ అంటే మనవాడి అక్క మొగుడు. రైల్లో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఎత్తుగా, నింపాదిగా ఉంటాడు. అరచెయ్యి చూస్తే విసనకర్రంత. మనవాడికి ఆయనంటే ప్రాణం, అందుకే ఒక్క పూట కూడా ప్రశాంతంగా ఉండనిచ్చేవాడు కాదు.

"ముప్ఫయ్యేళ్ళు పచ్చజెండా ఊపి ఊపి మా బావ చెయ్యి అరిగిపోయింది పాపం, ఇప్పుడు గరిటె కూడా లేవదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. బావ పేపరు మీంచి కళ్ళెత్తి, "నిజమే బావమరిదీ, చాలా అరిగింది" అని మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయేవాడు. ఆయన కూర్చునే చోటు కూడా ఒక్కటే. అక్క హోటల్లో, గల్లాపెట్టె పక్కన, కిటికీ వారగా ఉన్న కుర్చీ.

అక్క హోటలంటే పెద్ద హోటలేం కాదు. తొమ్మిది బల్లలు. మధ్యాహ్నం మాత్రమే భోజనం. వెనక వంటిల్లు, పొడుగాటి రాతి గట్టు, కిటికీలోంచి సందు కనబడుతుంది. అక్క ఎంత పొట్టిదంటే పెద్ద పొయ్యి ముందు పీట వేసుకుని నిలబడుతుంది. కానీ ఆ పీట ఎక్కిందంటే ఇంక సేనాపతే. ఆవిడ తరిగిన క్యారెట్లు చూస్తే స్కేలు పెట్టి కొలిచినట్టుండేవి. వాడే కత్తి, మనవాడు పని నేర్చుకునే రోజుల్లో చేసిన మొట్టమొదటి కత్తి. లప్పం లేదు, అచ్చు లేదు, చీపురుకట్టకి పెట్టినట్టు సన్నటి తిన్నటి పిడి. "ఇంకోటి చేసిస్తానక్కా, సిగ్గుగా ఉంది దాన్ని చూస్తే" అని ఎన్నిసార్లు బతిమాలినా, "నా చేతికిదే అలవాటురా, పోరా" అనేది.

అలాంటి అక్క, ఒకరోజు మనవాడి ముందే గ్లాసు జారవిడిచింది.

గ్లాసు పడితే పెద్ద వింతేం కాదు. కానీ పడ్డాక కుడిచేతిని గబుక్కున కొంగు కింద దాచేసుకుంది. అది మనవాడి కంట పడింది. ఇంక చూడు, కన్ను అక్కడే ఉండిపోయింది. మూతలు ఎడంచేత్తో తీస్తోంది. గరిటె ఒక్క చేత్తో కాకుండా రెండు చేతుల్తో తిప్పుతోంది. పళ్ళెంలో క్యారెట్లు చూశాడు. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటేమో ఏ ఆకారమో దేవుడికే తెలియాలి.

"ఏంటక్కా, క్యారెట్లు కొట్టుకున్నాయా ఒకదాంతో ఒకటి?"

"తినరా మాట్లాడకుండా. కడుపులోకెళ్ళాక అన్నీ ఒకటే."

ఆవిడ నోటివెంట ఆ మాట రావడమా! మనవాడు ముద్ద మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. అంతలో అక్క, పొయ్యి వైపు తిరిగి, చాలా మామూలుగా అంది. "వచ్చే ఏడాదికి ఈ హోటలు ఎవరికైనా అప్పగించేస్తే ఎలా ఉంటుందిరా? ఎన్నాళ్ళని చేస్తాం."

మనవాడు బావ వైపు చూశాడు. బావ పేపరు తిప్పుతున్నాడు. చూపుడు వేలికి ప్లాస్టరు.

"ఆ వేలికేమైంది బావా? పేపరు మడతపెడుతుంటే తెగిందా?"

"అవును బావమరిదీ. ఆదివారం పేపరు లావుగా ఉంటుంది కదా."

"అక్క హోటలు అప్పగించేస్తానంటుంటే నువ్వు ఆదివారం పేపరు చదువుకుంటున్నావా?"

"ఆవిడ హోటలు, ఆవిడ ఇష్టం" అన్నాడు బావ. కానీ ఈసారి పేపర్లోకి వెళ్ళలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మనవాడు ఇంటికెళ్ళేదారిలో రెండుసార్లు దారి తప్పాడు. పుట్టి పెరిగిన వీధుల్లోనే. అక్కకి ఆ హోటలు లేకపోతే ఏముంది? పీట దిగిన అక్కని ఊహించుకోలేకపోయాడు. అడిగితే చెప్పదు. "చెయ్యి నొప్పా అక్కా" అంటే, ఆ నొప్పి చెయ్యితోనే నాలుగు తగిలిస్తుంది. జాలి అంటే ఆవిడకి గిట్టదు. కత్తి చెయ్యాలి. ఆ నొప్పి చేతికి సరిపోయే కత్తి, పట్టుకుంటే నొప్పి తెలియని కత్తి చేస్తే హోటలు నిలబడుతుంది. చెయ్యి చూపించమంటే చూపించదు గనక, ఆవిడకి తెలియకుండానే అచ్చు తియ్యాలి. ఇలాంటి పని మనవాడికి వెన్నతో పెట్టిన విద్య. చిన్నప్పటినుంచీ ఎంతమంది చెవిలో పువ్వులు పెట్టాడు! అక్క చెవిలో ఒకటి పెట్టలేడా?

మర్నాడు పొద్దున్నే హోటలు వెనక గుమ్మంలోకి వెళ్ళాడు. గట్టు మీదున్న పాత కత్తిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ ఊపి, నాలుక చప్పరించాడు.

"రివెట్టు వదులైందక్కా. ఇలాగే వాడితే ఎప్పుడో పిడి ఊడి కాలి మీద పడుతుంది. ఆగు, చిటికెలో బాగుచేస్తాను."

మనవాడు సంచీలోంచి లప్పం తీసి, పిడి చుట్టూ, కత్తి వెన్ను మొదలుదాకా మందంగా పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టాడు.

"ఇది సాయంత్రానికి గట్టిపడుతుంది. అందాకా రోజూలాగే పట్టుకుని కోసుకో. పట్టుకుంటేనే లోపలికి బాగా దిగుతుంది. ఏదీ, ఒకసారి పట్టుకో చూద్దాం."

అక్క పట్టుకుంది. మనవాడు అమాయకంగా మొహం పెట్టాడు.

"బాగానే ఉంది కదా?"

"బాగానే ఉందిరా. మెత్తగా ఉంది."

"సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను. షెడ్డులో నునుపుగా రుద్ది మళ్ళీ ఇస్తాను."

"సరే" అంది అక్క. ఒక్క ప్రశ్న లేదు. మనవాడు సందులో నడుస్తూ తనకి తనే శభాష్ చెప్పుకున్నాడు. ఎంత సులువుగా బుట్టలో పడిపోయింది, పిచ్చి అక్క!

సాయంత్రం తెచ్చుకున్న కత్తిని దీపం కింద పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని చూశాడు. చూసి, స్టూలు మీద కూలబడ్డాడు.

అచ్చులు ఇంతింత లావు. వేళ్ళు పిడి చుట్టూ తిరిగి అరచేతిని తాకుతున్నాయి. బొటనవేలు పిడి మీంచి పాకి, కత్తి వెన్ను మీదికెక్కి, బలమంతా అక్కడే పెట్టి నొక్కింది. అన్ని వేళ్ళూ భయంగా, బిగదీసి పట్టుకున్నట్టున్నాయి. ఏళ్ళతరబడి కోసిన మనిషి అలా పట్టుకోదు. పట్టు జారుతుందని భయపడే మనిషి పట్టుకుంటుంది.

"చూశావా" అన్నాడు పెళ్ళాంతో. "అక్క చెయ్యి ఎంత వాచిపోయిందో చూడు. ఈ చేత్తో ఎలా కోస్తోందో, ఎలా వండుతోందో! ఒక్క మాటైనా చెప్పిందా మనతో?"

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, వంగి చూసింది.

"ఇది వదిన చెయ్యా?"

"మరెవరిది, నాదా?"

"వదిన ఉంగరం నా చిటికెన వేలికి కూడా ఎక్కదండీ. అంత చిన్న చెయ్యి. నిన్నగాక మొన్న చూశాను, ఏ వాపూ లేదు."

"నువ్వు కళ్ళతో చూశావు. నేను లప్పంతో చూస్తున్నాను. పైకి కనిపించే వాపు వేరు, పనిచేసేటప్పుడు వచ్చే వాపు వేరు. ముప్ఫయ్యేళ్ళ అనుభవం నాది."

"అలాగే లెండి" అని ఆవిడ దారం కొరికింది. ముప్ఫయ్యేళ్ళ అనుభవంతో వాదించడానికి ఆవిడకి తీరిక లేదు. మనవాడు లప్పం అచ్చుని జాగ్రత్తగా ఊడదీసి దాచుకుని, పాత కత్తికి పిడి నునుపు చేసి మర్నాడే తిరిగిచ్చేశాడు, ఎవరికీ అనుమానం రాకుండా.

ఆ తర్వాత రెండు వారాలు మనవాడు షెడ్డు దాటి బయటికి రాలేదు. పాత లారీ కమాను పట్టీ ముక్క ఒకటి ఏరి, కొలిమిలో పెట్టి, ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సాగదీశాడు. మామూలుగా అయితే కొడుతూ ఏదో ఒక పాట తీసేవాడు. ఈసారి నోరు మెదపలేదు. అంచు ఆకారానికొచ్చాక మళ్ళీ కాల్చి, అయస్కాంతం దగ్గర పెట్టి చూశాడు. ఇనుము సరిగ్గా కాలిందంటే అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అదే అదను. ఆ క్షణాన గోరువెచ్చటి నూనెలో ముంచాలి. ముంచాడు. నూనె చుర్రుమని పొగ లేచింది. అక్కడితో వదిలేస్తే గాజులా పెళుసుగా ఉంటుంది, కిందపడితే ముక్కలవుతుంది. అందుకని మళ్ళీ సన్నటి వేడి మీద, ఎండుగడ్డి రంగు వచ్చేదాకా, బిడ్డకి కాపడం పెట్టినట్టు కాచాడు.

పిడికి అసలు శ్రమ. హోటలు మొదలుపెట్టినప్పుడు కొన్న మొదటి బల్ల విరిగిపోతే, దాని కాలు ఒకటి దాచుకున్నాడు ఎప్పుడో. ఆ చెక్క కోసి, లప్పం అచ్చు పక్కనే పెట్టుకుని, గంట చెక్కడం, కళ్ళు మూసుకుని పట్టుకోవడం, మళ్ళీ చెక్కడం. మనవాడి సొంత వేళ్ళు ఆ గుంటల్లో వదులుగా ఉండేవి. "నా చేతికంటే వాచిపోయిందే తల్లీ" అనుకుని మరింత నునుపుగా రుద్దేవాడు. బొటనవేలు వెన్ను మీద నొక్కుతోంది కదా, అక్కడ ఒరుసుకోకుండా వెన్నుని గుండ్రం చేశాడు. ఒకచోట ఆకురాయి జారి సొంత వేలే కోసుకున్నాడు. కట్టు కట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఎన్ని కత్తులు చేశాడో లెక్కలేదు గానీ, చేస్తున్నంతసేపూ ఒక్క వేళాకోళం కూడా తోచకపోవడం అదే మొదటిసారి.

అక్క పుట్టినరోజున, భోజనాల రద్దీ అయిపోయి, పనివాళ్ళు ఇళ్ళకెళ్ళాక, మనవాడూ పెళ్ళామూ హోటలు వెనక గుమ్మంలోకి వెళ్ళారు. అక్క గట్టు తుడుస్తోంది. బావ కూడా అక్కడే ఉన్నాడు, గట్టు చివర పేపరు పరుచుకుని.

మనవాడు గుడ్డలో చుట్టిన కత్తిని రెండు చేతుల్తో ఇచ్చాడు. ఏదో తమాషా మాట అనాలని వారం నుంచి సిద్ధం చేసుకున్నాడు. తీరా సమయానికి వేరే మాట వచ్చింది.

"అక్కా, దీంతో కోస్తే నీకు నొప్పి తెలీదు. నేను హామీ. హోటలు మాత్రం ఎవరికీ ఇవ్వకే."

అక్క గుడ్డ విప్పింది. కత్తి తళుక్కుమంది. తర్వాత కుడిచేత్తో పట్టుకుంది.

ఏం చెప్పమంటావు! ఆవిడ పట్టుకున్నట్టు లేదు, కత్తే ఆవిడ చేతిని మింగేసినట్టుంది. అయిదు వేళ్ళూ మూడు గుంటల్లో పట్టేశాయి. మిగతా రెండు గుంటలూ ఖాళీ. చంటిపిల్ల నాన్న చెప్పులేసుకున్నట్టుంది. మనవాడి పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

మనవాడి మొహం మాడిపోయింది. "అదేంటి? వాపు తగ్గిందా?"

"ఏ వాపురా?" అంది అక్క. ఆ మాట అని, "ఏవండీ, ఒకసారి ఇటు రండి" అని పిలిచింది.

బావ పేపరు మడతపెట్టి, వచ్చి, కత్తి అందుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటీ ఇంటికొచ్చినట్టు వాటి గుంటల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. బొటనవేలు పైకి పాకి, గుండ్రంగా రుద్దిన వెన్ను మీద ఆనుకుంది. ఆయన బుట్టలోంచి ఉల్లిపాయ తీశాడు. గట్టు మీద పెట్టాడు. టకటకటకటక. రైలు పట్టాలు మారుతున్న చప్పుడు. కళ్ళు తుడుచుకునేలోగా అయిదు ఉల్లిపాయలు, అన్నీ ఒకే మందం.

"అబ్బ" అన్నాడు బావ, చెయ్యి తిప్పి చూసుకుంటూ. "ప్రాణం లేచొచ్చింది."

మనవాడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. ఈగ వెళ్ళొచ్చినా తెలిసేది కాదు.

అక్క కళ్ళు చెమర్చాయి. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, మెత్తగా అడిగింది. "ఎప్పుడు కనిపెట్టావురా? ఆర్నెల్లుగా తెల్లారకుండానే లేచి, పనివాళ్ళు రాకముందే మొత్తం మీ బావే తరిగిపెడుతున్నారని ఎవరికీ చెప్పలేదే మేము. నీకెలా తెలిసింది?"

చూడు, ఇక్కడ నువ్వైతే ఏం చేసేవాడివి? నిజం ఒప్పుకునేవాడివా? ఒప్పుకోవు, నీ మొహం చెబుతోంది. మనవాడు కూడా అంతే. ఎత్తులు వేసి బతికిన మనిషి, నిలబెట్టి ఇచ్చిన బిరుదు వద్దంటాడా? ఛాతీ ముందుకు తోశాడు.

"నన్నెవరు మోసం చెయ్యగలరక్కా? లప్పం చూసిన మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. ఇది బావ చెయ్యి, అనుమానమే లేదు అనుకున్నాను. అందుకే బావ చేతికి సరిపోయేలా, ప్రత్యేకంగా, ఒక్కొక్క వేలూ కొలిచి..."

"మొదటి నిమిషంలోనే?"

"మొదటి క్షణంలోనే!"

అక్క బావ చేతిలోంచి కత్తి తీసుకుని, తిప్పి, పిడి పక్కనే ఇనుము మీద చిన్నగా చెక్కి ఉన్నదాన్ని తమ్ముడి కళ్ళజోడు దగ్గరికి తెచ్చింది.

"అయితే ఇది కాస్త చదువు."

అక్షరాలు చాలా అందంగా చెక్కాడు, తప్పు పట్టడానికి లేదు. 'మా అక్కకి.'

ఇంక చూసుకో. మనవాడి పెళ్ళాం గోడకి ఆనుకుని జారిపోయింది నవ్వలేక. బావ ఉల్లిపాయలవల్లే అన్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు. మనవాడు కాసేపు ఆ రెండు మాటల్నీ ఎవరో చెక్కినట్టు చూసి, ఆఖరికి తోక ముడిచి, తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"నాకు తెలీదక్కా" అన్నాడు, చిన్నపిల్లాడిలా. "నీ చెయ్యే అనుకున్నాను. రెండు వారాలుగా దాన్ని చూసి ఏడుస్తున్నాను. నిజం చెప్పు, నీ చేతికేమైంది?"

అక్క నవ్వాపుకుని, పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. అప్పుడు మొదటిసారి కుడిచెయ్యి అతని ముందు తెరిచి పెట్టింది. బొటనవేలి మొదట్లో కొంచెం ఉబ్బు, అంతే. "ఇక్కడ అరిగిందట. నొక్కి పట్టుకుంటే ప్రాణం పోతుంది. వండటానికి అడ్డు లేదు, తరగడమే కష్టం. ఎవరికైనా తెలిస్తే అయ్యో పాపం అంటారు. అయ్యో పాపం అనుకుంటూ తింటే ఎవరికైనా రుచి తెలుస్తుందా? అందుకే మీ బావ, నేను కోస్తాను, నువ్వు మాట్లాడకు అన్నారు. నేర్పాను. ఆ పాత కత్తితో ఆయన చేతికి క్యారెట్లు ఎలా వచ్చేవో నువ్వు చూశావుగా."

"మరి హోటలు అప్పగించేస్తానన్నావు?"

"నా చేతికోసం కాదురా." ఆవిడ బావ కుడిచేతిని లాగి చూపించింది. అరచేతినిండా కాయలు, రెండు పగిలిన బొబ్బలు, ప్లాస్టరు. "నీ మొదటి కత్తి ఉంది చూడు, నా చేతికి సరిపోయే ఆ పుల్లపిడి. దాంతో ఈ చెయ్యి రోజూ ఇంత కూర కోస్తుంటే ఎలా చూడను? ఈయనకి నొప్పి పుట్టించే హోటలు నాకక్కర్లేదనుకున్నాను. ఈయనకో కత్తి చేసిపెట్టమని నిన్ను అడుగుదామనుకున్నాను. అడిగితే నువ్వు ఊరుకుంటావా? ఊరంతా తిరిగి, మా బావ ఉల్లిపాయలు తరుగుతున్నాడు అని డప్పు కొట్టవూ?"

మనవాడికి సిగ్గేసింది. నిజంగానే వేసింది. లేచి బావ చెయ్యి రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. "బావా, ఇంత చేస్తూ నేనన్న మాటలన్నీ ఎలా పడ్డావయ్యా?"

"నువ్వు గరిటె లేవదంటుంటే, అవతల వంటింట్లో నేను గెలుస్తున్నానని నాకు తెలుసు కదా" అన్నాడు బావ. "తెలిశాక నీ జోకులు ఇంకా బాగుండేవి."

"ఇంక హోటలు ఎవరికీ ఇవ్వవు కదక్కా?"

"ఈ కత్తి ఉండగా ఎందుకిస్తాను?"

మనవాడి ప్రాణం కుదుటపడింది. ప్రాణం కుదుటపడగానే బుద్ధి మళ్ళీ మామూలు దారిలో పడింది. సంచీలోంచి కొత్త లప్పం ముద్ద తీసి, అక్క చేతిలో పెట్టాడు. నొక్కక్కర్లేదు, ఊరికే ఆనించమన్నాడు, నీ వేలికి బరువు పడకుండా చిన్నది చేస్తానన్నాడు. అక్క ఈసారి మారు మాట్లాడకుండా ఆనించింది. అది గట్టిపడేదాకా కూర్చోవాలి కదా. కూర్చున్నవాడు కూర్చోక, ఓడిపోయిన చోట కాస్తయినా పరువు ఏరుకుందామని నోరు తెరిచాడు.

"సరే అక్కా, అంతటా ఓడాను, ఒప్పుకున్నాను. కానీ ఒక్కటి నువ్వూ ఒప్పుకో. రివెట్టు వదులైందని నేను లప్పం పూసి ఇస్తే, నమ్మి తీసుకున్నావా లేదా? పొరపాటున ఆ కత్తి బావ చేతికి వెళ్ళింది గనక నా లెక్క తప్పింది. లేకపోతే నువ్వు నా బుట్టలో పడ్డట్టే."

అక్క బావ వైపు చూసింది. బావ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు ఊగుతోంది.

"ఒరేయ్ పిచ్చి తమ్ముడూ" అంది అక్క, లప్పం మీంచి చెయ్యి కదపకుండా. "నువ్వు అమాయకంగా మొహం పెట్టినప్పుడే నాకు అర్థమైంది ఇది కత్తికి కాదు, చేతికి అని. నీ ముందు పట్టుకున్నప్పుడు నా వేళ్ళు పడనే పడ్డాయి. నువ్వు సందు మలుపు తిరిగేదాకా ఆగి, కాగితం విప్పి, తడిచేత్తో వాటిని చక్కగా చదును చేసేసి, మళ్ళీ చుట్టి, అప్పుడిచ్చాను మీ బావకి. 'గట్టిగా పట్టుకోండి, మా తమ్ముడు మీకు కత్తి చేస్తున్నాడు, వాడికింకా తెలీదు' అని."